అన్న తెచ్చిన కాగితం

అరవై ఎనిమిదో సంవత్సరం వానలు వెలిశాక మా అన్న సింహాద్రి, సుమ్మాదేవి స్టేషన్లో రైలు దిగి, ఊరికి నడిచి వచ్చాడు. పదకొండు నెలలు విశాఖపట్నంలో ఉన్నాడు. ఎక్కడున్నాడో ఊరంతటికీ తెలుసు. మా చిన్నప్పటి నుంచి ఆ ఆసుపత్రిని వెర్రాసుపత్రి అనే అనేవారు. తిట్టుకి అదే మాట, కుదిరిన సంబంధం చెడగొట్టడానికీ అదే మాట.

మా చేపల పడవకి దారి తిప్పే వెనక తెడ్డు ఇంటి పెద్దవాడిది. అది పట్టినవాడి మాటే పడవలో చెల్లుతుంది. అన్న లేనన్నాళ్లూ నేను పట్టాను. జబ్బుపడి లేచినవాడికి తెడ్డు తిరిగి ఇవ్వాలంటే కులపెద్ద ముందు పడవవాళ్లందరూ సరేననాలి.

మర్నాడు పొద్దున్నే ఇసుకలో కూర్చున్నాం. అన్న రొంటిన దోపుకున్న కాగితం తీశాడు. కులపెద్ద అప్పలస్వామి దాన్ని నా చేతికిచ్చాడు. అక్కడ మూడో తరగతి దాకా చదివింది నేనొక్కణ్ణే.

"ఏటి రాసున్నాదో సదవరా."

పైన అచ్చులో 'మానసిక వ్యాధుల చికిత్సాలయం' అని ఉంది. కింద డాక్టరు చేత్తో రాశాడు, 'జబ్బు నయమైనది, పని చేసుకొనవచ్చును' అని. కూడబలుక్కుని రెండూ లోపలే చదివేశాను.

"ఎర్రాసుపత్రి అని ఉన్నాది మావా," అన్నాను పైకి. కింది ముక్క చదవనే లేదు.

మా పడవలో వల లాగే వరహాలు నవ్వాడు. "ఆ మాట మాకు తెల్దేటి? కాగితం మీద అచ్చేసి సెప్పాలా? నడి సంద్రంలో ఈడికి మల్లీ ఎర్రి లేత్తే ఎవుడు పట్టుకుంతాడు మావా?"

తెడ్డు నా దగ్గరే ఉండిపోయింది.

సాయంత్రం వల బాగుచేస్తున్న అన్న నన్ను పిలిచి కాగితం చేతిలో పెట్టాడు. "మల్లీ సదువు."

ఎవరూ లేరు కదా, ఉన్నది ఉన్నట్టు చదివాను.

"డాట్రుబాబు కూడా ఇలాగే సదివి ఇనిపించేడు," అన్నాడు అన్న. "అక్కడ ఎవులూ ఆ పాతమాట అనరు. నువ్వు సదవతావనే ఇది దాసుకొచ్చినాను."

"మరి పొద్దున్న ఆ మాట సెప్పలేదేటి?"

"పదిమందిలో నా తమ్ముణ్ణి అబద్దాలోడని నానే అనాలేటి?"

మర్నాడు పెద్దకి నిజం చెప్పేద్దామనుకున్నాను. ఏడాది దాటింది. ఇప్పటికీ పడవ తోసేటప్పుడు అన్న ఒక చెయ్యి వేస్తాడు. మోకాలిలోతు నీళ్ల దాకా వచ్చి మా వెనక ఆగిపోతాడు. వెనక తెడ్డు పట్టినవాడు ముందుకే చూడాలి. నాకది కలిసొచ్చింది.