పొట్ట తోలు

గుండ్లకమ్మ వాగు ఒకే నెలలో రెండుసార్లు పొంగిన ఏడాదికి మరుసటి ఏడు అది. దొరల కాలం. నాకు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. గురవారెడ్డి ఇంట్లో మోటారు కారు పని చేసేవాణ్ణి.

ఆ మోటారు మొదట గిద్దలూరులో ఉన్న అడవుల ఆఫీసరు దొరది. ఆ దొర తన దేశానికి పోతూ దాన్ని గురవారెడ్డికి అమ్మాడు. దొర దగ్గర క్లీనరుగా ఉన్న నేనూ మోటారుతో పాటే వచ్చాను. మా నాయన చెప్పులు, ఎడ్లతో నీళ్లు తోడే కపిల బావులకు తోలు బొక్కెనలు కుట్టేవాడు. పాదిరి బడిలో నేను చదివింది మూడేళ్లు. ఆ తర్వాత తోలే నా చదువు.

తోలుకూ మోటారుకూ సంబంధమేమిటి అంటారేమో. ఆ కాలపు మోటార్లలో క్లచ్చి అంటే ఒక ఇనప గిన్నె, అందులో కూర్చునే ఒక ఇనప మూత. మూత చుట్టూ తోలు పట్టీ బిగించి ఉంటుంది. తొక్కిన కాలు ఎత్తితే మూత పోయి గిన్నెలో గట్టిగా కూర్చుంటుంది. ఇంజను బలం చక్రాలకు పోతుంది. తోలు ఎండితే బండి ఎగిరిపడుతుంది, అప్పుడు ఆముదం పూయాలి. నూనె ఎక్కువై జారితే మార్కాపురం పలకల దుమ్ము చల్లాలి. అరిగిపోతే కొత్త తోలు వేయాలి. దొర దగ్గరి డ్రైవరు మద్రాసు మనిషి. తోలు ముట్టనన్నాడు. అందుకని ఆ పని నాదయింది.

గురవారెడ్డి నాకంటే పదేళ్లు పెద్ద. కొన్న మొదట్లో మోటారును కొత్త కోడెను చూసినట్టు ఎడంగా నిలబడి చూసేవాడు. ఆరు నెలల్లో నడపడం నేర్చాడు. ప్లగ్గులు విప్పి మసి గీకడం నా పని. ఒకరోజు పోయేసరికి ఆయనే కూర్చుని గీకుతున్నాడు. తర్వాత నూనె మార్చడం పోయింది. చక్రాలకు గ్రీజు పెట్టడం పోయింది. ట్యూబులకు అతుకు వేయడం పోయింది. నాకు జీతంగా కొలిచే గింజలు మాత్రం తగ్గించలేదు. ఆ మాట చెప్పాలి.

నాకు మండింది గింజల గురించి కాదు. పొద్దున పూట కొట్టం ముందు గోనెపట్ట పరుచుకుని, పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, మోచేతుల దాకా మసితో కూర్చునేవాడు. విప్పిన సామాన్లు కిరసనాయిలులో కడిగి వరసగా పెట్టేవాడు. మళ్లీ అన్నీ బిగించి, ముందర హ్యాండిలు తిప్పి, ఇంజను పలకగానే తల పక్కకు వంచి వినేవాడు. ఆ మొహం నేను చూడలేకపోయేవాణ్ణి. ఆ వినడం నాది. ఆ చప్పుడులో ఏది సరి ఏది తప్పు అని ఆయనకు చెప్పింది నేను.

"చూడరా కరుణాకరం, ఎట్ల పలుకుతుండాదో!" అనేవాడు.

"ఊఁ" అనేవాణ్ణి. నేను మాట్లాడేది ఎప్పుడూ తక్కువే.

దోవన పోయేవాళ్లను పిలిచి మరీ చూపేవాడు. "నా చేత్తో నేను చేసుకున్నా మామా. మిస్త్రీ లేడు, ఎవుడూ లేడు."

ఎవుడూ లేడు అనేటప్పుడు నేను కిరసనాయిలు డబ్బా పట్టుకుని పక్కనే ఉండేవాణ్ణి.

ఇంటికి పోతే నా భార్య దీనమ్మ నవ్వేది. "ఆయప్ప మోటారు ఆయప్ప తుడుచుకుంటే నీకేంది కడుపుమంట? మొగుడి పక్కన ఉన్నదాన్ని చూసి ఏడ్చినట్టు ఏడుస్తావే!"

అయినా తోలు పని ఇంకా నాదే. రెండు మూడు నెలలకొకసారి మూత బయటికి తీసేవాణ్ణి. అప్పుడు గురవారెడ్డి లేచి పది అడుగులు దూరం జరిగేవాడు. "రా, నీ పని" అనేవాడు. ఆ పూటంతా నేను కూర్చుని చేసేవాణ్ణి, ఆయన నిలబడి చూసేవాడు. నేను పోయాక వాళ్లమ్మ నరసమ్మ ఆ చోట నీళ్లు చల్లించేది. చల్లించుకోనీ. రెడ్లు తోలు ముట్టరు గనక ఆ పని నాకు రాసిపెట్టినట్టే అనుకున్నాను.

ముందటేడు గుండ్లకమ్మ పొంగినప్పుడు కొట్టంలో నీళ్లు నిలిచి, క్లచ్చి తోలు నానీ ఎండీ పాడయింది. కొత్తది వేయాల్సి వచ్చింది. తంగేడు చెక్కతో పదును చేసిన ఎనుము తోలు, వీపునుంచి పొట్ట దాకా ఒక పక్కది, మా నాయన దగ్గరనుంచి తెచ్చి, ఆముదం పట్టించి, రాత్రికి కొట్టంలో వేసి వచ్చాను.

మరునాడు పోయి చూస్తే ఆ తోలు గురవారెడ్డి ఒళ్లో ఉంది.

అరుగు మీదనుంచి నరసమ్మ కేకలు వేస్తున్నది.

"ఒరే గురవా! ఏందిరా ఆ పట్టుకోనుండేది?"

"తోలమ్మా."

"నా తోలు వలిచి పట్టుకున్నా బాగుండు గదరా! వంటింటి గడప తొక్కు, చెప్తా నీ సంగతి."

"తొక్కనులే. సంగటి ఈడికే పంపియ్యి. మోటారు మడి కట్టుకోదమ్మా, నన్నేం చేయమంటావు?"

నేను దగ్గరికి పోయాను. "రెడ్డీ, అది మా పని."

"నువ్వు చేస్తే పని, నేను చేస్తే పాపమా? ఇన్నాళ్లూ దూరంగా నిలబడి చూస్తి. చేతులు దురదలు పెట్టేవిరా నాకు" అన్నాడు. మొహం వెలిగిపోతున్నది.

తోలు పరిచాడు. వీపు వైపు తోలు మందంగా, మొండిగా ఉంటుంది. కత్తికి ఒక పట్టాన లొంగదు. పొట్ట వైపు తోలు మెత్తన, కత్తి పెట్టగానే తెగుతుంది. మోటారుకు వీపు తోలే వేయాలి. పొట్ట తోలు నాలుగు రోజులు బాగానే ఉండి, వేడెక్కేకొద్దీ సాగిపోతుంది. ఇది మా ఇళ్లల్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆయన కత్తి వీపు వైపు పెట్టాడు. దిగలేదు. పొట్ట వైపు పెట్టాడు. సర్రున దిగింది. తల ఎత్తి నన్ను అడిగాడు.

"ఇట్లనేనా?"

"ఊఁ" అన్నాను.

పట్టీ కోసి మూత చుట్టూ బిగువుగా లాగి రాగి మేకులు కొట్టాడు. మేకుల తలలు తోలులోకి దిగాలి, ఒక్కటి పైకి ఉన్నా గిన్నెను గీకుతుంది. నేను నేర్చుకునేటప్పుడు మూడుసార్లు పాడుచేశాను. ఆయన మొదటిసారే అన్నీ సమానంగా దించాడు. అది చూసి ఇంకా మండింది.

బండి బాగా పోయింది. మార్కాపురంలో దుకాణం దుకాణానికీ చెప్పుకున్నాడు, తోలు కూడా తానే వేసుకున్నానని. నవ్వినవాళ్లు నవ్వారు, ముక్కు మూసుకున్నవాళ్లు మూసుకున్నారు. ఆయనకు పట్టలేదు. ఐదో రోజునుంచి ఇంజను ఎక్కువ అరవడం, చక్రం తక్కువ తిరగడం నా చెవికి తెలిసింది. ఆయనకు తెలియలేదు. నాకు కడుపునిండా తిన్నట్టయింది.

ఆ వారంలోనే త్రిపురాంతకం గుడికి పోదామన్నాడు. నరసమ్మ రానని మొండికేసి, చివరికి బయలుదేరింది. "నా కొడుకు బాగుచేసిన బండి, ఎక్కకపోతే ఏడుస్తాడు" అని పొరుగమ్మతో చెప్పింది. వెనక సీటులో పూలూ టెంకాయలూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది. నేను పక్క మెట్టు మీద నిలబడ్డాను. ఎత్తులో బండి ఆగితే చక్రానికి రాయి పెట్టడం నా పని. అదొక్కటి మిగిలింది.

దోవలో పెద్ద ఎత్తు ఒకటి వచ్చింది. సగం ఎక్కాక ఇంజను గట్టిగా అరిచింది, బండి మాత్రం నిలిచిపోయింది. నా లోపలే ఎవరో "అదీ" అన్నట్టు అనిపించింది నాకు. అంతలో బండి వెనక్కి జారింది. గురవారెడ్డి బ్రేకు తొక్కుతున్నాడు, అది పట్టడంలేదు. వెనక లోతు వంక. సీటులో ముసలామె టెంకాయలు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది.

దూకి రాయి పెట్టాను. చక్రం రాయి మీదికి సగం ఎక్కి ఆగింది.

తోలు కాలిన వాసన. గురవారెడ్డి దిగి తల్లిని దింపి, అప్పటికప్పుడు కాళ్ల కింది పలక ఎత్తి లోపలికి చూశాడు. పట్టీ సాగి పక్కకు జరిగి ఉంది. అందులో వేలు పెట్టి తడిమాడు.

"యాడ తప్పు చేస్తినిరా? మేకులు సరిగ్గానే కొడితినే" అన్నాడు. నన్ను అడిగాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"పొట్ట తోలు అది" అన్నాను.

"అంటే?"

"సాగుతాది."

"ఇప్పుడా చెప్పేది?"

నరసమ్మ రోడ్డు పక్కన కూర్చుని ఉంది. "వాడికి అప్పుడే తెలుసు" అన్నది. "నువ్వు ఇట్లనేనా అని అడిగితివి. వాడు ఊఁ అనినాడు. నేను అరుగు మీదనే ఉంటిని గదరా."

గురవారెడ్డి నన్నే చూశాడు. "మా యమ్మ ఉండె గదరా బండిలో" అన్నాడు.

"ఆయమ్మ వస్తాదని అనుకోలేదు రెడ్డీ."

"నేనొక్కణ్ణే అయితే సరేనా?"

చక్రం కింది రాయి వైపు చూస్తూ, "అన్నీ తీసుకుంటివి. అదొకటి ఉండనియ్యలేకపోతివా?" అన్నాను. అంత పొడుగు మాట ఆయనతో అంతకు ముందు అనలేదు.

పక్క ఊరినుంచి ఎడ్లు తెచ్చి కట్టి మోటారును ఇంటికి లాగించాం. నరసమ్మ టెంకాయలు తిరిగి ఇంటికే వచ్చాయి. కొట్టం దగ్గర విడిపోయేటప్పుడు గురవారెడ్డి, "రేపు వీపు తోలు తీసుకరా" అన్నాడు.

మరుసటి పొద్దున తోలు భుజాన వేసుకుని పోయాను. ఆయన మూత విప్పి గోనెపట్ట మీద పెట్టి ఉంచాడు. చేతులు కడుక్కుని, ఉతికిన పంచె కట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి దూరం జరిగాడు.

"చెయ్యిరా. నీ పనే. నేను ముట్టను ఇంక" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే చేసేసి పోయేవాణ్ణి.

నేను కోరుకున్నది అదే గదా. కూర్చున్నాను. తోలు పరిచి కత్తి తీశాను. వెనక చప్పుడు లేదు. తిరిగి చూస్తే ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, మెడ సాచి, నా కత్తి మొనను చూస్తున్నాడు.

మంట చల్లారలేదు నాకు. ఆయన వేలు పెట్టిన పని ఏదైనా నాకంటే బాగా చేస్తాడని తెలుసు. అయినా ఆ చూపు చూశాక నా కత్తి ఆడలేదు.

"కూసో రెడ్డీ" అన్నాను.

కదల్లేదు. లేచి పోయి ఆయన కుడి బొటనవేలు పట్టుకున్నాను. అంతవరకు ఆయన చెయ్యి నేను తాకింది లేదు. ఆయన విడిపించుకోలేదు. తెచ్చి కూర్చోబెట్టి, ఆ వేలు తోలు మీద వీపు పొడుగునా నొక్కించాను. తర్వాత పొట్ట వైపు నొక్కించాను. మళ్లీ వీపు వైపు.

"తెలిసిందా?" అన్నాను.

"ఊఁ" అన్నాడు.

కత్తి ఆయన చేతికిచ్చి, తోలు కదలకుండా ఆ కొస నేను పట్టుకున్నాను.