రెండు వైపులా బొట్టు

నాలుగేళ్లుగా మా అమ్మ గోవిందమ్మ లెక్కలో నేను చేసేది పని కాదు. చెన్నై వాషర్‌మెన్‌పేట్ ఇంటి పెరట్లో కూర్చుని, రాగిరేకు అతికించిన పలక మీద పెయింటుతో సన్నటి గీతలు గీసి, దాన్ని గోధుమరంగు మందునీళ్లలో ముంచుతాను. పెయింటు ఉన్నచోట రాగి నిలుస్తుంది, మిగతాది కరిగిపోతుంది. అలా తయారయ్యే నా సర్క్యూట్ బోర్డులకు రెండు వైపులా గీతలుంటాయి.

"ఒక పక్క సరిగ్గా గీస్తే చాలదా నాయనా" అనేది అమ్మ.

ఏటా ఆయుధ పూజకు నాన్న పప్పుల కొట్టు తక్కెడకు అమ్మ బొట్లు పెట్టేది. నా డ్రిల్లు వైపు చూసేది కూడా కాదు.

ఆ ఏడు, ఎలక్ట్రానిక్ తూకం మిషన్లు చేసే మాధవరం ఆదిమూలం ఒక బోర్డు అడిగాడు. విజయదశమి పొద్దున తెచ్చి చూపించాలి, అది పనిచేస్తే ఇక ఆయన బోర్డులన్నీ నావే. ముందురోజు, ఆయుధ పూజనాడు, గీసిన బోర్డు ఆరబెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి అది బొట్టుతో పూజలో, తక్కెడ పక్కన ఉంది. పూజలో పెట్టింది మర్నాటి దాకా ముట్టకూడదు.

మర్నాడు తెల్లవారగానే మందునీళ్లలో వేశాను. కుంకుమ కొట్టుకుపోయింది. తీసి చూస్తే పైన ఒకటి, కింద ఒకటి, శనగగింజంత రాగి చుక్కలు. ఒక్కో చుక్క రెండేసి గీతలను కలిపేసింది. అలా కలిస్తే బోర్డు పనిచేయదు.

"బొట్టు కింద ఏం రాసినావు మా?"

"మైనం. రాయకపోతే కుంకం నిలుస్తాదా?" పెయింటు లాగే మైనం కింద కూడా రాగి కరగదు.

"రెండు పక్కలా?"

"రెండు మొహాలుండాయి గదరా. ఒకదానికి పెట్టి, ఇంకోదాన్ని బోడిగా ఇడిస్తే ఎట్టా?"

బ్లేడుతో గీకేస్తే ఐదు నిమిషాల పని. బ్లేడు తీశాను. నాలుగేళ్లకు నా పని తక్కెడ పక్కకు చేరింది, ఆ బొట్టు గీకడానికి చెయ్యి రాలేదు. చుక్కకు అటూ ఇటూ ఒక గీతను తెంచి, ఎర్ర వైరుతో చుట్టు తిప్పి కలిపాను. కింది వైపూ అంతే. రెండు గంటలు పట్టింది.

ఆదిమూలం బోర్డు బిగించి కిలో రాయి పెట్టాడు. మిషను కిలో అంది. బోర్డు ఊడదీసి తిప్పి చూశాడు.

"ఈ వైర్లేందప్పా?"

"బొట్టుకు అడ్డం రాకుండా తిప్పినానన్నా."

జరిగింది చెప్పాను. ఆయన నవ్వలేదు.

"వచ్చే వారానికి ఇరవై కావాల. వైర్లొద్దు."

"మరి బొట్టు?"

"దానికి ముందే చోటిడిచి గీయి."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"ఇరవయ్యా? అయితే మైనం చాలదు" అంది. "పోయి కొనుక్కురా."