ఆగిన కారణం

తోటకూర గిల్లుతూనే స్వీటీ లాప్‌టాప్ వంక చూసింది. అత్తగారి పాత కుట్టుమిషన్ మూత మీద పెట్టుకుంది దాన్ని. ఛత్రినాకలోని ఆ రెండు గదుల ఇంట్లో ఆమెకు దొరికిన ఆఫీసు అదే. ఊరికి నీళ్లు తోడే మోటార్లు ఏ గంటకు ఎంత వేగంతో తిరిగితే కరెంటు తక్కువ కాలుతుందో వెతికే ప్రోగ్రామ్ నడుస్తోంది. మూడు నెలలు ఒక్కతే కూర్చుని రాసింది. కళ్లకు గంతలు కట్టుకుని లోయలోకి దిగేవాడిలా కాలికింది వాలు తడుముకుంటూ ఒక్కో అంగ వేసి దిగుతుందది. దిగడం తేలికే. అడుగుకు చేరిందని, వాళ్ల భాషలో కన్వర్జ్ అయిందని, ఎక్కడ ఆగాలో తేల్చడమే కష్టం.

"గట్ల కూసొని సూసుడు గూడ కొలువేనా?" అంది మంచం మీంచి అత్త కాశమ్మ. రోజుకోసారి ఆ మాట పడకపోతే స్వీటీకే ఏదో మరిచిపోయినట్టుంటుంది.

ఇంతలో మేనేజర్ శశిధర్ ఫోన్. "నిన్నట్నించి కరెంటు ఖర్చు అంకె మారడం లేదు కదండీ. కన్వర్జ్ అయిందని రిపోర్ట్ పంపేయండి."

"వాలు ఇంకా ఉంది సార్. వేసిన అంగకు ఖర్చు తగ్గక దెబ్బ తగిలినప్పుడల్లా అంగ సగం చేసుకోమని నేనే రాసిన. సగం, సగం అనుకుంట అది కదలనంత చిన్నదైంది. గందుకే అంకె మారుతలేదు. మళ్ల పెద్ద అంగతోని మొదలుపెడత, రెండు రోజులియ్యండి."

"అంత లోతుగా ఎవరు చూస్తారండీ? సాయంత్రానికి పంపేయండి."

ఫోన్ పెట్టేశాక ఆకుకూర మీద చెయ్యి ఆగిపోయింది. పెళ్లయిన కొత్తలో రోజూ ఆఫీసుకు పోతానంది తను. "అమ్మనెవరు సూడాలె?" అన్నాడు బస్సు డిపోలో మెకానిక్ అయిన భర్త డానియేలు. వారానికి మూడు రోజులంది, తర్వాత ఒక్కరోజంది. అదీ కాకపోతే ఫోన్లు మాట్లాడేటప్పుడు వేసుకోవడానికి లోపలి గదికి గొళ్లెమన్నా పెట్టించమంది. "ఇంట్ల గొళ్లెమేంది, మేమేమన్న దొంగలమా?" అన్నాడు. పోయిన నెల నడుం నొప్పికి కుర్చీ అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఈ నెల ఏమీ అడగలేదు. తను రాసిన ప్రోగ్రామ్ తన బతుకే నేర్చుకుందా అనిపించి స్వీటీకి ఏడుపొచ్చింది.

ఆ రోజు నెలలో ఆఖరి శుక్రవారం. చర్చి సంఘ పెద్ద సీమోను ఇంటికి ప్రార్థనకు వచ్చే రోజు. నిరుడు మొగుడూ పెళ్లాల గొడవ వీధిన పడ్డప్పటి నుంచీ వస్తున్నాడాయన. నెలలో ఎన్ని గొడవలయ్యాయో అడిగి చిన్న డైరీలో రాసుకుంటాడు. స్వీటీ మాట్లాడే పది నిమిషాలూ ఎవరూ అడ్డు రాకూడదన్నది ఆయన పెట్టిన నియమం. ఆ పది నిమిషాలే ఆమెకు మిగిలినవి. గొడవ లేని నెల వస్తే ఆయన రావడం మానేస్తాడు.

"తొమ్మిది, అయిదు, రెండు," అని పాత పేజీలు చదివి, "ఈ నెల?" అన్నాడు సీమోను.

"ఒక్కటి గూడ లేదు పెద్దయ్యా. మస్తు సెట్ అయినం," అన్నాడు డానియేలు.

"నిజమేనా బిడ్డా?"

"లొల్లి లేదు పెద్దయ్యా. నాకేం కావాల్నో చెప్పుడు బంద్ చేసిన. గంతే."

"దేవునికి స్తోత్రం," అన్నాడాయన. ఆమె మొదటి మాట వద్దే ఆయనకు కావలసింది దొరికిపోయింది. కాశమ్మ ఆమెన్ అంది. ఆయన సున్నా రాసి, వచ్చే నెల నుంచి యాకుత్‌పురాలో ఇంకో ఇంటికి పోవాలని చెప్పి డైరీ జేబులో పెట్టుకున్నాడు. స్వీటీ చాయ్ తెచ్చిచ్చింది, తాగిన గ్లాసులు కడిగింది, కుట్టుమిషన్ ముందు కూర్చుంది.

రిపోర్టులో ఆగిన కారణం అనే గడిలో శశిధర్ ముందే 'కన్వర్జ్ అయింది' అని నింపి పంపాడు. తను ఏం రాసినా అతను దిద్దే పైకి పంపుతాడని ఆమెకు తెలుసు. అయినా అది చెరిపేసింది. నడుం నొప్పి పెడుతుంటే కాస్త ముందుకు వంగి టైప్ చేసింది.

'చేరలేదు. అంగ వెయ్యడానికి ఇంకేం మిగలక ఆగింది.'