బక్కమ్మకు ఆగే మిషను

పొద్దున ఇస్నాపూర్ కాడ బస్సు ఆగాలంటే డ్రైవరుకు చెయ్యెత్తే పని లేదు. బక్కమ్మ పోయి బస్సు పక్కకు అరచెయ్యి ఆనిస్తది. ముసలోళ్లు, మూటలోళ్లు, పిల్లల తల్లులు అందరు నిమ్మలంగ ఎక్కేదాంక బస్సు కదలదు. ఎక్కినంక ఆమె రెండు చేతులు ఒళ్లె పెట్టుకొని కూసుంటది, లేకుంటే పటాన్‌చెరు రానే రాదు. ఆమె చెయ్యి దేనికి ఆనినా, తీసేదాంక అది ఆగుతది. పుట్టినప్పటి సంది గంతే. పొంగొచ్చిన పాలు సుత ఆమె గిన్నె పట్టుకుంటే అంచు మీదనే నిలుస్తయి. వాడకట్టు ఆడోళ్లు పొయ్యి మీద పాలు పెట్టి, "జెర పట్టు బక్కమ్మా" అని నీళ్లకు పోతరు.

ఆమె పని చేసేది లక్ష్మీకాంతం సేటు డబ్బా మూతల ఫ్యాక్టరీల. ఆ ఫ్యాక్టరీ లేచిన జాగ ఒకప్పుడు బక్కమ్మ జొన్నచేను. భూమి గుంజుకున్ననాడు ఇంటికొక నౌకరి అన్నరు. మొగడు లేడు, చేను లేదు, ఇగ ఆ నౌకరే ఆమె చేను.

సేటు సంగారెడ్డిల పప్పులు, బెల్లం అమ్ముకునేటోడు. ఫ్యాక్టరీ పెట్టినా బుద్ధి తరాజు దాటలేదు. డెబ్బై తొమ్మిదిల బొంబాయి నుంచి కొత్త బోర్డులు తెప్పించి మిషనుకొకటి బిగించిండు. బోర్డు నడుమ నల్లగ చింతగింజంత చిప్పు. "గిది మెదడురా, మీ అందరికన్న తెలివైంది" అని వచ్చినోనికల్లా చూపెట్టేటోడు. ఉన్న మెదడు చాలదని కొనుక్కున్నడేమో, మనకేం తెలుసు.

మిషను కథ చిన్నదే. లోపల అచ్చు మీద రేకు పెట్టాలె, కాలితోని పెడలు తొక్కాలె. బోర్డు జెరసేపు ఆగి సుత్తిని కిందికి వదుల్తది. ఆ ఆగుడునే డిలే అంటరు. ఆ సందులనే చెయ్యి బయటికి తీసుకోవాలె. సేటుకు ఆ సందు చూస్తే కడుపుమంట. ఇంజినీరు సోమేశ్వర్‌ను పిలిచి డిలే తగ్గిపిచ్చిండు. వారం తిరగకముందే పక్క మిషను మొగులయ్య చూపుడువేలి కొస డబ్బా మూతల పోయింది. "నిద్రమొకపోడు" అని సేటు వాన్నే తిట్టిండు. వేలు పోయినోనికి తిట్లు ఉచితం!

బక్కమ్మ మిషను మాత్రం ఆగుతనే ఉండె. ఎడమచెయ్యి మిషను పక్కకు ఆనిచ్చి, కుడిచేత్తోని రేకు పెట్టి, పెడలు తొక్కి, కుడిచెయ్యి బయటికి తీసుకున్నంకనే ఎడమచెయ్యి తీసేది. అప్పుడు పడేది సుత్తి.

సోమేశ్వర్ దిగిండు. మెడకు టై, మొకం మీద గంభీరం. చిప్పు ఊడబెరికి నీలి దీపం కింద పెట్టిండు. ఉన్న రాత చెరిగేదాంక చాయ్ తాగిండు. డిలే ఇంకింత తగ్గించి మల్ల రాసిండు. సుత్తి ఆగింది. వైర్లు మార్చిండు, ఆగింది. మొగులయ్య బోర్డు తెచ్చి ఈమెకు, ఈమెది వానికి బిగించిండు. అక్కడ టక్కున పడ్డది, ఇక్కడ ఆగింది. "వోల్టేజి బాలేదు" అన్నడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు!

బక్కమ్మ చెయ్యి సంగతి వానికి తెల్వదా? మంచిగ తెల్సు. రోజూ అదే బస్సుల వస్తడు. అయితే గా మాట చెప్తే ఇంజినీరెందుకని సేటు అడుగుతడని భయం. ఆఖరికి బక్కమ్మ మిషనుల డిలే మొత్తానికి తీసేసి సున్నా రాసిండు. అయినా ఆగింది. విసుగొచ్చి ఆ సున్నాను అట్లనే వదిలేసి, పానాలు, స్క్రూడ్రైవర్లు సర్దుకున్నడు.

తెల్లారి సేటు వచ్చి బక్కమ్మ ముందట నిలబడ్డడు.

"ఎడమచెయ్యి తీసి పని చేస్తవా, లేదా?"

"తియ్య సేటూ. మొగులయ్య వేలు చూసిన గద."

"అయితే ఇంటికి నడువు. నీ నౌకరి ఖతం."

"నా చేను మీద నిలబడి నన్ను నడువమంటున్నవా?"

"చేను లేదు గీను లేదు, నడువు!"

బక్కమ్మ లేచింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి గని, గీ మనిషి ముందట ఏడుస్తనా అని మింగుకున్నది.

సేటు ఆ పీట మీదనే కూసున్నడు. పొద్దుగాల మొదటి మూత ఆయన చేతితోనే పడాలె, దుకాణంల బోణి లెక్క. అది పప్పుల కాలం సంది ఉన్న అలవాటు. కండ్లకద్దుకొని రేకు లోపల పెట్టిండు. "చూడుండ్రి, ఎంత జల్దీ నడుస్తదో!" అని పెడలు మీదికి కాలు లేపిండు.

సోమేశ్వర్‌కు సున్నా యాదికొచ్చింది. టై పట్టుకొని సేటు దిక్కు ఒక్కడుగు ఏసిండు. బక్కమ్మ వాని మొకం చూసింది. అర్థమైంది. వంగి మిషను పక్కకు చెయ్యి ఆనిచ్చింది.

సేటు పెడలు తొక్కిండు. సుత్తి ఆయన వేళ్ల మీద బెత్తెడెత్తున నిలిచింది.

సేటు చెయ్యి గుంజిండు, రాలే. పగడపుటుంగరం అచ్చు సందుల ఇరికింది.

"కరెంటు బందు చెయ్యిండ్రి!"

"బందు చేస్తే సుత్తి జారుతది సార్" అన్నడు సోమేశ్వర్.

ఉంగరం జారడానికి సబ్బునీళ్లు బకెట్ల పక్కనే ఉన్నయి. ఎవ్వరు కదల్లే.

"నన్ను నడువమన్నవ్ గద సేటూ, పోవాల్నా?" అన్నది బక్కమ్మ.

"వద్దు వద్దు! ఉండు తల్లీ! నీ నౌకరి నీదే, రేపటి నుంచి..."

"రేపు ఎవరు చూసిండ్రు? నా చెయ్యి గియ్యాలనే గుంజుతున్నది."

"ఇప్పుడే! అందరు విన్నరు గద, ఇప్పుడే! సోమేశ్వర్, ఈ డిలే పెంచవయ్యా, జల్దీ!"

సోమేశ్వర్ చెమటలు కక్కుకుంట చిప్పు కోసం ఉరికొచ్చిండు.

"ఆగు సారూ" అన్నది బక్కమ్మ. చెయ్యి మిషను మీదనే ఉన్నది, గొంతు నిమ్మలంగ ఉన్నది. "ముందుగాల మొగులయ్య మిషనుది పెంచు. ఆ తర్వాత వరుసగ అందరివి. సేటుది ఆఖరికి."