ఏడో నంబరు గీత

భివండిలో ధామన్కర్ నాకా దగ్గరి ఇంటర్నెట్ దుకాణంలో, మూడో కంప్యూటర్ ముందు కూర్చుని శ్రద్ధ పదకొండోసారి ఆ బటన్ నొక్కింది. పదకొండోసారీ అదే జవాబు. ఆబ్జెక్ట్ నాట్ ఫౌండ్. నువ్వడిగిన వస్తువు నాకు కనపడలేదు తల్లీ, పోయిరా అని దానర్థం. కనపడకపోవడమేమిటి, ఇంతకుముందే కదా దాని చేతిలో పెట్టింది! నీ కండ్లు పొయినయా అని తెరను తిట్టింది. పక్క కుర్చీలో పెళ్ళి సంబంధాల ఫొటోలు చూసుకుంటున్న పెద్దమనిషి తనవైపు తిరిగేసరికి తల దించుకుంది.

అది 2006 వేసవి. శ్రద్ధ కళ్యాణ్‌లో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చివరి ఏడు చదువుతోంది. అంకెలకు నమూనాలు కట్టడానికీ, వాటిని గీతలుగా గీయడానికీ 'ఆర్' అని ఒక కంప్యూటర్ భాష ఉందనీ, అది ఊరికే దొరుకుతుందనీ ఎవరో చెబితే ఎగిరి గంతేసింది. భాష ఊరికే వచ్చింది, సరే. నేర్పేవాళ్ళు ఊరికే వస్తారా? లైబ్రరీలో పుస్తకం లేదు. గైడు మేడమ్ తనకు పాత ప్యాకేజీ తప్ప మరోటి రాదనీ, దానితో పెట్టుకుంటే ఇక నీ ఖర్మేననీ ముందే చేతులు దులిపేసుకుంది.

ప్రాజెక్టు ఒక్కటే అయితే ఇంత ఏడుపు లేదు. పాత పద్ధతిలో ఏదో ఒకటి చేసి పడేసేది. కానీ ఈ గీతల మీద వాళ్ళ బాపు పని ఆధారపడి ఉంది.

బాపు పేరు భూమయ్య. పద్మనగర్‌లో రాజలింగం సేఠ్ కార్ఖానాలో ముప్పై ఏళ్ళుగా సాంచలు నడుపుతున్నాడు. కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్ళకు పవర్‌లూమ్ అంటే సాంచానే. ఆ కార్ఖానాలో పదకొండు మంది నేతగాళ్ళు, తలా ఆరు సాంచలు. సేఠ్ ఇప్పుడు కొత్త ఆటోమేటిక్ యంత్రాలు తెప్పిస్తున్నాడు. అవి వస్తే ఆరుగురు చాలు. యాభై దాటినవాళ్ళంతా ఇళ్ళకు పోవాలని హోలీనాడే చెప్పేశాడు. భూమయ్యకు యాభై నాలుగు.

ఆ మాట విని శ్రద్ధ ఊరుకుంటుందా? సేఠ్ కొడుకు శుభమ్ ఆమె చదివిన బళ్ళోనే రెండేళ్ళు ముందు చదివాడు, ఇప్పుడు కార్ఖానా ఆఫీసులో కొత్త కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంటున్నాడు. నేరుగా అతని దగ్గరికే పోయింది. వయసు చూసి తీసేయడం ఏం న్యాయం, పని చూసి తీయమంది. రిజిస్టర్లున్నాయి కదా, రెండేళ్ళ మీటర్లన్నీ గీతలు గీస్తే ఎవరెంత నేస్తున్నారో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుందంది.

"కంప్యూటర్‌కు చుట్టాలుండరు శుభమ్ అన్నా. ఉన్నదున్నట్టు చెప్తది," అంది.

శుభమ్‌కు అది మహా నచ్చింది. రిజిస్టర్లన్నీ ఇచ్చేశాడు. మీద ఉన్న ఆరు గీతలు ఎవరివో వాళ్ళు ఉంటారు, మా నాయిన్ని ఒప్పించే బాధ్యత నాదన్నాడు. శ్రద్ధ గాల్లో తేలుతూ ఇంటికొచ్చింది. ఎందుకు తేలదూ? బాపు రోజూ ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కోకముందే "ఇయ్యాల రెండొందల ముప్పై" అని చెప్పేవాడు. ఆ అంకె ఏనాడూ పెద్దగా తగ్గింది లేదు.

భూమయ్యకు చదువు రాదు. ఆ కార్ఖానాలో ఒక పద్ధతి ఉంది. చదువొచ్చినవాడు తన పక్క సాంచల మీటర్లు కూడా తనే రాస్తాడు. భూమయ్యది ఏడో నంబరు, ఆయన పక్కనున్న గట్టయ్యది ఎనిమిదో నంబరు. గట్టయ్య ఏడో క్లాసు దాకా చదివాడు, కాబట్టి ఇద్దరివీ ఆయనే రాసేవాడు. సేఠ్ మొత్తం చూస్తాడు. బట్ట మొత్తంతో సరిపోతే ఎవరిదెంత అని ఏ రోజూ అడిగిన పాపాన పోలేదు.

గట్టయ్య, భూమయ్య ఒక్క ఊరివాళ్ళు. శ్రద్ధకు ఆయన కాక, బాబాయి వరస. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, సన్నగా, ఎప్పుడూ నవ్వుమొహం. శ్రద్ధ రిజిస్టర్లు ముందేసుకుని అంకెలు కొట్టలేక అవస్థ పడుతుంటే, నేను చదువుతా నువ్వు కొట్టు బిడ్డా అని తొమ్మిది రోజులు సాయంత్రం పూట దుకాణానికి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏడు, రెండొందల ముప్పై. ఎనిమిది, నూట తొంభై. ఏడు, రెండొందల ఇరవై ఎనిమిది. ఎనిమిది, నూట అరవై. ఒక్కసారి కూడా గొంతు తడబడలేదు. కాకా, నీది తగ్గుతున్నది, సోమరిపోతువైనవు అని శ్రద్ధ వెక్కిరిస్తే, ముసలోన్నైతున్న బిడ్డా అని నవ్వాడు.

అంకెలు ఎక్కాయి గానీ గీత ఒక్కటీ రాలేదు. ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టయింది. చివరికి ఆ భాష వాడేవాళ్ళందరూ ఒకరినొకరు సందేహాలు అడిగే మెయిల్ గుంపు ఉందని తెలుసుకుని, తనకొచ్చిన ఇంగ్లీషులో తన గోడంతా వెళ్ళబోసుకుంది. మర్నాడు ఒక్క జవాబు వచ్చింది. ఎక్కడో చలిదేశంలో ఉండే ముసలి ప్రొఫెసర్ రాశాడు. ముందు ఈ గుంపు నియమాలు చదవండి, మీ కథ మాకు అక్కర్లేదు, తప్పు వచ్చే చిన్న ముక్క పంపండి అన్నాడు. సాయం చేసేవాడికి అంత మిడిసిపాటెందుకో! శ్రద్ధ కళ్ళు తుడుచుకుని చిన్న ముక్క పంపింది.

ముసలాయన నోరు చేదైనా చెయ్యి మంచిది. మూడు తప్పులు పట్టాడు. ఒకచోట పెద్ద అక్షరం పెట్టి పేరు రాసింది, ఇంకోచోట చిన్నక్షరంతో పిలిచింది. యంత్రం రెండూ వేరనుకుంది. తారీఖు మనం రోజు ముందు రాస్తాం, యంత్రం నెల ముందనుకుంది, అందుకే ప్రతి నెలా పన్నెండో తారీఖు తర్వాత అంతా మాయమైపోయింది. మూడోది తప్పు కాదు, ప్రశ్న. ప్రతి శుక్రవారం పదకొండు మందీ సున్నా మీటర్లు నేస్తున్నారేమిటి, ఏమైనా జబ్బా అని అడిగాడు. భివండిలో శుక్రవారం సాంచలు బంద్. అది ఆయనకెలా తెలుస్తుంది? సెలవు రోజు సున్నా రాయకూడదు, ఖాళీ వదలాలని చెప్పి, పది వరసల ప్రోగ్రాం రాసి పంపాడు.

బటన్ నొక్కితే నెలవారీ గీతలు పదకొండూ రంగురంగుల్లో వచ్చి తెర మీద నిలబడ్డాయి. అందరికంటే పైన ఏడో నంబరు గీత, సాంచ మీద పడుగు పోగులా తిన్నగా సాగింది. మిగతావన్నీ కిందా మీదా పడుతున్నాయి. ఎనిమిదోది రెండేళ్ళ పొడుగునా జారుకుంటూ వచ్చి, చివరికి అడుగున ఆగింది. ఆ గీత శ్రద్ధ చూడకపోలేదు. చూసింది. కాకకు యాభై నిండలేదు కదా, సేఠే ఉంచుకుంటాడులే అని తనకు తానే సర్దిచెప్పుకుని, బుధవారం ఆ గీతలు కాగితం మీద తీయించి తీసుకెళ్ళి శుభమ్ చేతిలో పెట్టింది.

ఇక మిగిలింది ప్రాజెక్టు. కరెంటు కోత గంటలకూ రోజువారీ మీటర్లకూ సంబంధం కట్టి, నమూనా సరిగ్గా ఉందా లేదా చెప్పమని అంకెలన్నీ ముసలాయనకే పంపింది. శుక్రవారం పొద్దున జవాబు వచ్చింది. నమూనా బాగానే ఉందిగానీ ఒక విషయం చూసుకోమన్నాడు. కోత ఉన్న రోజు పది మంది మీటర్లూ పడిపోతున్నాయి. ఏడో నంబరు పడట్లేదు. అదే రోజుల్లో ఎనిమిదో నంబరు మిగతావాళ్ళకంటే రెండింతలు పడుతున్నాడు. ఎనిమిదోవాడి అంకెలు కొన్ని ఏడోవాడి కింద చేరుతున్నట్టున్నాయి, ఎక్కించడంలో పొరపాటేమో అని రాశాడు.

కరెంటు లేకపోతే సాంచ నడవదని పద్మనగర్‌లో పుట్టిన పిల్లకు చలిదేశం ముసలాయన చెప్పాలా? చెప్పాల్సి వచ్చింది. బాపు గీత మీదున్నదన్న సంబరంలో, అది ఎందుకంత తిన్నగా ఉందో చూసే తెలివి ఆమెకు లేకపోయింది. రిజిస్టర్లు మళ్ళీ తిరగేసింది. తను ఎక్కించడంలో ఒక్క పొరపాటూ లేదు. గీతల కాగితం ఇంకోటి తీసుకుని గట్టయ్య దగ్గరికి పోయింది.

గట్టయ్య తనుండే వరసగదుల చాల్ ముందర బట్టలు ఆరేస్తున్నాడు. శ్రద్ధ ఏమీ అడగకుండానే, ఆమె చేతిలో కాగితం చూసి, బకెట్ పక్కన పెట్టి లోపలికి రమ్మన్నాడు.

"మీ బాపుకు కంటి నరం ఎండుతున్నది బిడ్డా," అన్నాడు. "డాక్టర్ దగ్గరికి నేనే తీస్కపోయిన. పోయిన సూపు మల్ల రాదన్నడు. ఆయనకు సగమే చెప్పిన. పోగు తెగితే కనవడదు, చేత్తోని తడిమి అతుకుతడు. నూట అరవై దాటుతలేదు."

"మరి రెండొందల ముప్పై?"

"నావి రాస్తున్న. నాకు టీబీ అయినప్పుడు ఆర్నెల్లు ఆయన తన మీటర్లు నా పేర రాయించిండు. గప్పుడు నువ్వు చిన్నదానివి. మన నేతగాళ్ళల్ల చేబదులు ఎప్పటికెల్లి ఉన్నదే, ఒకలు పడ్డప్పుడు పక్కోడు మీటర్లిస్తడు. ఎవ్వరు లెక్క పెట్టుకోరు."

నువ్వే కదా కాకా పక్కన కూసొని చదివినవు, అప్పుడన్నా చెప్పకపోతివి అని శ్రద్ధ ఏడ్చింది. చదవకపోతే ఎట్ల బిడ్డా, నువ్వు గంత ఆశ పెట్టుకున్నవు అన్నాడు గట్టయ్య. నీ పని పోతుంది కదా అంటే, ఆయన లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"నాకు కండ్లున్నయి. సూరత్ పోతే దొరుకుతది. మీ బాపుకు చెప్పకు. శుభమ్‌కు గూడ చెప్పకు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే బాపు పని పోతుంది, చెప్పకపోతే కాక పని పోతుంది. పాత లెక్కే ఉండి ఉంటే, వయసు చూసే తీసి ఉంటే, గట్టయ్య జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. న్యాయం న్యాయమని ఎగిరి, రిజిస్టర్లు తెచ్చి, తొమ్మిది రోజులు ఆయన నోటితోనే ఆయన అంకెలు చదివించి, ఆయన పేరు అడుగున గీసింది తనే.

శనివారం ఆఫీసుకు పోయేసరికి ఆ కాగితం గోడకు అంటించి ఉంది. పైనుంచి ఆరో గీత కింద శుభమ్ ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒక అడ్డగీత కొట్టాడు. గ్రాఫ్‌లో తప్పుందన్నా అని శ్రద్ధ మొదలుపెట్టింది. ఎక్కడ అన్నాడు శుభమ్, కుర్చీలోంచి ముందుకు వంగి. అతనికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది. దానితో ఆమెకు ఇంకా భయమేసింది. ఎనిమిదిల అంది. ఎనిమిదికేమైంది అన్నాడు. ఎనిమిదికేమైందో చెప్పాలంటే ఏడుకేమైందో చెప్పాలి.

"నువ్వే అన్నవు కదా, కంప్యూటర్‌కు చుట్టాలుండరని," అన్నాడు శుభమ్. "నీకు కాక అయితడని బాధైతున్నది. మాలూమ్ ఉన్నది. ఏం చేద్దాం మరి?"

ఏం లేదన్నా అని వచ్చేసింది. ఏం లేదని అన్నది తన నోరేనా అని దారి పొడుగునా అనుకుంటూనే ఉంది.

తరవాతి గురువారం గట్టయ్య ఒక ట్రంకు పెట్టె, ఒక చాప తీసుకుని సూరత్ వెళ్ళిపోయాడు. అక్కడ తెలిసినవాళ్ళున్నారన్నాడు గానీ ఎవరో చెప్పలేదు. భూమయ్య ఆయన భుజం మీద చెయ్యేసి ఆటో దాకా నడిచాడు. దోస్తు భుజం మీద చెయ్యేశాడనే చూసినవాళ్ళంతా అనుకున్నారు. ఆ చెయ్యి అక్కడ లేకపోతే బాపు దారి పక్క మురుగు మోరీలో కాలేసేవాడని శ్రద్ధకు ఒక్కదానికే తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు ఆమే చెయ్యి పట్టుకుంది.

శనివారం సాయంత్రం బాపు పని నుంచి వచ్చాడు. అంకె చెప్పలేదు. కాళ్ళు కడుక్కున్నాడు, తువ్వాలతో చాలాసేపు తుడుచుకున్నాడు, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గట్టయ్య పోయాక ఇప్పుడు ఆ వరస మీటర్లు రాసేది అంకుశం అనే ఇంకో నేతగాడు.

"అంకుశం నూట యాభై ఎనిమిది రాసిండు," అన్నాడు చివరికి. "తప్పు రాసినవని కొట్లాడిన. అందరి ముంగట మల్ల కొలిపిచ్చిన. గంతే ఉన్నది."

శ్రద్ధ చేతిలో గిన్నె కింద పెట్టింది.

"గట్టయ్య ఎన్నడూ చెప్పలే," అన్నాడు. తరవాత ఆమె ఉన్నదనుకున్న వైపు, ఆమెకు ఒక మూరెడు పక్కగా మొహం తిప్పాడు. "నీకెరుకేనా బిడ్డా?"

సంచీలో ఆ ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీ ఉంది. పది వరసలూ ఇప్పుడు ఏ తప్పూ చూపించకుండా నడుస్తాయి. ఇకనుంచి వచ్చే ఈ అంకెలు ఎక్కిస్తే చాలు, ఏడో గీత నిటారుగా కిందికి దిగుతుంది. వచ్చే నెల శుభమ్ కొత్త గీతలు అడుగుతాడు, ఎక్కించక తప్పదు. శ్రద్ధ కింద పెట్టిన గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

భూమయ్య ఆ మాట మళ్ళీ అడగలేదు. గట్టయ్య సూరత్‌లో ఎక్కడున్నాడో చాల్‌లో ఎవరికన్నా తెలుసేమో అడిగి రమ్మన్నాడు. శ్రద్ధ లేచి చెప్పులేసుకుని గడప దాటి, అక్కడే నిలబడిపోయింది. పొద్దుటి నుంచీ ఆమె చేసిన పని అదే. చాల్‌లో ఇల్లిల్లూ తిరిగి అడిగి వచ్చింది. ఎవరికీ తెలియదు.