నీరెండలో కుర్చీ

డాక్టరు ఫణిశ్రీ "కేన్సరు" అన్నప్పుడు ఎస్తర్ రాణికి ముందు నవ్వొచ్చింది. చెవికి కేన్సరేమిటి? బటాణీ గింజంత పొక్కు. పక్కనున్న భర్త కూడా నవ్వుతాడేమోనని చూసింది. క్రీస్తురాజు నవ్వలేదు. పరీక్షకి ముక్క తీసిన చోట, ఎడమ చెవి అంచున అంటించిన దూది మీద వేలు పెట్టుకుని డాక్టరు మొహంలోకే చూస్తున్నాడు.

"పొరపాటేమో సూడండి డాక్టరమ్మ గారూ. ఒకరి ముక్క ఒకరికి మారిపోయుంటాది," అంది ఎస్తర్ రాణి.

"మారలేదమ్మా. విశాఖపట్నం నుంచి రిపోర్టు రాగానే నేనే ఫోన్ చేసి మళ్లీ అడిగాను. చర్మం కేన్సరే."

ఆమె నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

ఆరేళ్ల కిందట క్రీస్తురాజు కిడ్నీలు రెండూ పాడైపోతే, తనది ఒకటి ఇచ్చింది ఎస్తర్ రాణి. అతని అన్నదమ్ములు వెనకాడారు, ఆమె వెనకాడలేదు. ఆపరేషన్ అయ్యాక పెద్దాసుపత్రిలో చెప్పారు: కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదనుకుని తరిమెయ్యకుండా రోజూ మాత్రలు వెయ్యాలి, ఆ మాత్రలతో ఒంటి కాపలా తగ్గిపోతుంది, ఎవరి దగ్గూ జలుబూ అంటకుండా చూసుకోవాలి. ఆ మాట ఆమె దేవుని వాక్యంలా పట్టుకుంది. నీళ్లు కాచి చల్లార్చింది. పెళ్లి భోజనాలు మానిపించింది. చర్చిలో ముక్కు చీదేవాళ్ల పక్కన కూర్చోనివ్వలేదు. ఒక్క పూట మాత్ర తప్పనివ్వలేదు.

క్రీస్తురాజుది టైలరు పని. అబీద్ సెంటర్ దగ్గర సందులో ఇరుకు కొట్టు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు మీద మీదకి ఊపిరి వదులుతారని ఆమె కుట్టుమిషన్నే కొట్టు బయటికి తెచ్చేసింది. పొద్దు తిరిగాక ఎండ అతని ఎడమ పక్కకి వచ్చేది.

"ఏటక్కా, మా బావని వడియాల్లాగ ఆరేసీసినావు?" అని పక్క సోడా కొట్టు భీమన్న వేళాకోళమాడేవాడు.

"నీ దగ్గు కన్నా ఆ ఎండే నయం. అటు తిరిగి దగ్గు!"

ఎండలో ఉండొద్దని ఆసుపత్రివాళ్లు చెప్పకపోలేదు. అది వడదెబ్బ సంగతి అనుకుంది ఆమె. అందుకే వేసవిలో మిషన్ లోపలికి లాగించేది, మజ్జిగ పంపేది. చలికాలం నీరెండ మాత్రం ఒంటికి బలమని, అతని కుర్చీ తానే ఎండలోకి జరిపేది. చెవి మీద పొక్కు లేస్తే, కళ్లజోడు కాడ ఒరుసుకుందనుకున్నారు. మానినట్టే మానేది, మళ్లీ చెక్కు కట్టేది. భీమన్న సున్నం పెట్టమన్నాడు. డాక్టరుకి చూపించకుండా ఏదీ పెట్టనని ఆమే ఇక్కడికి తీసుకొచ్చింది.

"ఈ పక్క చెవికి ఎండ ఎక్కువ తగులుతుందా?" అని అడిగింది డాక్టరు.

క్రీస్తురాజు తలూపాడు.

"ఎండకి చెడిన చర్మాన్ని మామూలుగా ఒళ్లే కనిపెట్టి చాలావరకు బాగుచేసుకుంటుందమ్మా. ఈ మాత్రలు వాడేవాళ్లలో ఆ శక్తి తక్కువ. అందుకే వీళ్లకి ఈ ముప్పు ఎక్కువ. నీరెండైనా ఎండే."

"నానే," అంది ఎస్తర్ రాణి. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "నానే కూకోబెట్టినాను. రోజూ."

"ఊరుకో రాణీ. నాకు మాత్రం తెలుసేటి?" అన్నాడు క్రీస్తురాజు.

డాక్టరు లేచి అతని చెవి కింద, మెడ పక్కన వేళ్లతో తడిమింది. ఒకచోట వేళ్లు ఆగాయి. అవి మళ్లీ కదలకపోవడం ఎస్తర్ రాణి చూసింది.

"ఇక్కడ చిన్న గడ్డ తగులుతోంది. పుండు వల్లే కావచ్చు, కాకపోనూ వచ్చు. విశాఖలో దీన్ని పరీక్షిస్తారు, చెవి అంచు కోస్తారు. కిడ్నీ డాక్టరు గారు ఆ మాత్రలు తగ్గించడమో మార్చడమో చేస్తారు. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు."

"తగ్గిస్తే కిడ్నీకేటవుతాది?" అన్నాడు క్రీస్తురాజు.

"కొంత ముప్పు ఉంటుంది. కిడ్నీ పోవచ్చు కూడా. జాగ్రత్తగానే చూస్తారు."

అతను కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "చెవి మొత్తం కోసీమనండి. మాత్రలు మాత్రం ముట్టుకోవద్దు. అది ఆవిడ కిడ్నీ. పొట్ట కోయించుకుని ఇచ్చింది. నాను పోగొట్టను."

ఎస్తర్ రాణికి కేన్సరన్న మాట కన్నా ఈ మాట గట్టిగా తగిలింది. ఇన్నేళ్లూ అతను దాన్ని దాచమని ఇచ్చిన సొత్తులా మోస్తున్నాడా?

"ఇచ్చీసినాక నాదెలాగవుతాది?" అని అరిచింది. తలుపవతల కూర్చున్నవాళ్లు లోపలికి తొంగిచూశారు. "మీ కోసం కిడ్నీ ఇచ్చినాను గానీ, కిడ్నీ కోసం మిమ్మల్ని ఇచ్చీలేను. కూకోండి!"

అతను కూర్చున్నాడు.

"రేపు వెళ్లగలరా?" అంది డాక్టరు.

"ఇయ్యాలే ఎల్తాం. చీటీ బేగి రాయండమ్మా."

డాక్టరు రాస్తుండగా ఎస్తర్ రాణి అతని మెడ పక్కన చెయ్యి వేసింది. జ్వరముందేమోనని ఆ నుదురు ఎన్నిసార్లు తడిమిందో లెక్కలేదు. మెడ ఎప్పుడూ తడమలేదు. చర్మం కింద గట్టిగా, శనగ గింజలా తగిలింది. అతను కళ్లు మూసుకున్నాడు. ఆమె చెయ్యి తియ్యలేదు.