కప్పెడు నురుగు

లివర్ వంటకం అని పేరు పెట్టి పళ్లెంలో వడ్డించినదాన్ని చూడగానే రాగ్నా ముక్కు మూసుకుంది. బూడిదరంగు ముద్ద పళ్లెం అంచులు దాటి పొంగి, తడితడిగా మెరుస్తోంది. చెంచా గుచ్చితే లోపల ఎక్కడా ఏదీ తగల్లేదు. నోట్లో పెట్టుకుంటే సబ్బునురుగులా చిట్లిపోయి, నాలుక మీద నీచువాసన ఒక్కటే మిగిలింది. న్యాప్‌కిన్ అడ్డం పెట్టుకుని ఉమ్మేసింది.

"ఛీ! దీన్ని పిల్లి కూడా మూతి పెట్టి చూడదు."

పక్క కుర్చీలో ఎల్నా మాత్రం తల వంచుకుని తింటూనే ఉంది. పక్షవాతం వచ్చాక ఆమెకు గట్టి తిండి గొంతు దిగదు. మెత్తగా చేసిందే పెట్టాలన్నారు డాక్టర్లు. రాగ్నాకు ఈమధ్యే పళ్లు పీకడంతో కొన్నాళ్లపాటు ఆమెకూ అదే తిండి రాసిపెట్టారు.

లిమ్ ఫియోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఆ వృద్ధాశ్రమానికి రాగ్నా వచ్చి ఎంతో కాలం కాలేదు. బతుకంతా ఆ ఊరి బడిలోనే కెమిస్ట్రీ చెప్పింది. ఎల్నాది రేవులో చేపల కొట్టు. హెర్రింగ్ చేపల పెట్టెల్ని మగాళ్లతో సమానంగా భుజానికెత్తుకున్న మనిషి. ఇప్పుడు ఆ భుజాల మీద స్వెటర్ చిలక్కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది.

"ఏమే, ఇది తిన్నాక నీకు కడుపు నిండుతోందా?" అని అడిగింది రాగ్నా.

ఎల్నా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నిండదే. పళ్లెం ఖాళీ చేస్తాను, కాసేపటికే మళ్లీ ఆకలి. ఒంట్లో ఏదో మాయరోగం దూరినట్టుంది. ఎవరితోనూ అనకు, సిగ్గేస్తోంది." స్వెటర్ జేబులోంచి పంచదార బిళ్ల తీసి బుగ్గన పెట్టుకుంది. కాఫీ బల్ల మీదనుంచి దొంగిలించింది.

హెర్రింగ్ పెట్టెలు మోసిన ఎల్నా, పంచదార బిళ్లల దొంగ! రాగ్నాకు ఒళ్లు మండిపోయింది. కర్ర ఊతంగా నేరుగా వంటింట్లోకి నడిచింది. వంటమనిషి డోర్తె ఒక గిన్నెడు ఉడికిన బంగాళాదుంప ముద్దను పెద్ద మెషిన్‌లో వేసి, తెల్లసొన పొడి చల్లి స్విచ్ నొక్కింది. చూస్తుండగానే గిన్నెడు ముద్ద తొట్టెడు నురుగయింది.

"ఇదా మాకు పెట్టేది?"

"నన్నడగకండి తల్లీ. ఇలాగే చెయ్యమని ఆస్గర్ గారి ఆర్డరు. నాకైతే ఆ వాసనకే డోకొస్తుంది."

ఆశ్రమం మేనేజర్ ఆస్గర్ ఒకప్పుడు రాగ్నా దగ్గరే చదువుకున్నాడు. ఆమె తన ఆఫీసులోకి రాగానే లేచి కుర్చీ జరిపాడు. అంతా విని హాయిగా నవ్వాడు.

"టీచర్‌గారూ, పళ్లెం చూశారుగా, ఎంత నిండుగా ఉంటుందో! తక్కువ పెట్టారని ఇంతవరకూ ఒక్కరన్నా నోరెత్తారా? ఘనపరిమాణం కంటికి కనిపిస్తుంది, ద్రవ్యరాశి ఎవడికి కనిపిస్తుంది? మీరు చెప్పిన పాఠమే కదండీ."

"ఎల్నా చిక్కి శల్యమైపోతోందిరా."

"వయసు. పోయే ప్రాణాలు, వాళ్లకి ఎక్కువ పెట్టినా చెత్తబుట్టలోకే." అంటూ ఆమె భుజం మీద మెత్తగా తట్టాడు.

ఆ చెయ్యి తగలగానే రాగ్నాకు జెర్రి పాకినట్టయింది. సీసం ముక్క, బెండు ముక్క ఒకే సైజున్నా బరువెందుకు తేడా అని అడిగితే వీడే అందరికంటే బాగా రాశాడు. ఆ జవాబు క్లాసంతటికీ చదివి వినిపించి మురిసిపోయింది తను. గదికి వెళ్లి భుజం మీది శాలువా తీసి ఉతకడానికి పడేసింది.

ఆదివారం బంధువులంతా కాఫీకి వచ్చారు. ఎల్నా కూతురు ఇంగెలిస్ అమ్మకోసం మళ్లీ ఒక సైజు చిన్న స్కర్టు తెచ్చింది. రాగ్నా డోర్తెనడిగి కాటా, కప్పు, రెండు గిన్నెలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇంగెలిస్, ఇలా రా. ఇది మెషిన్‌లో వెయ్యని బంగాళాదుంప ముద్ద. కప్పు నిండా పెట్టి తూస్తున్నాను. రెండొందల గ్రాములు. ఇప్పుడు అదే కప్పులో మీ అమ్మకు పెట్టేది. ఇదీ అంచుదాకా నిండింది. ఎంత చూపిస్తోంది?"

ఇంగెలిస్ వంగి చూసింది. "అరవై... కాటా పాడైందా?"

"కాటా బాగానే ఉందమ్మా. రెండూ కప్పులో ఒకేంత చోటు పట్టాయి. కాని దీంట్లో ఉన్న పదార్థం మూడో వంతుకూడా లేదు. మిగతాదంతా గాలి. మెషిన్ తిప్పితే తిండి పెరగదు, సాంద్రత తగ్గుతుంది, అంతే. మీ అమ్మ ఇన్నాళ్లూ గాలి మింగింది."

ఇంగెలిస్ వేలితో కొంచెం తీసుకుని నాకింది. మొహం అష్టవంకరలు పోయింది. "అమ్మా, ఇదా నువ్వు తినేది?" తెచ్చిన స్కర్టును చేతుల్లో నలిపేస్తూ ఉండిపోయింది. చుట్టూ అందరూ మూగారు.

గొడవ విని ఆస్గర్ పరిగెత్తుకొచ్చాడు. "చూడండి, ఇది ఆధునిక వంటపద్ధతి, మింగడానికి సులువుగా..."

రాగ్నా కప్పు అతని ముందుకు నెట్టింది. "తిను."

అందరూ చూస్తున్నారు. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. గుటక పడలేదు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎలాగో మింగి, "బాగానే ఉంది," అన్నాడు.

"అయితే రాత్రికీ ఇదే తిను. రేపూ ఇదే. ఇంకేమీ ముట్టకు. వారం పోయాక వచ్చి నాతో బాగుందని చెప్పు."

అతను ఆఫీసులోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. బంధువులంతా కలిసి మునిసిపాలిటీకి ఫిర్యాదు చేశారు. అధికారులు వచ్చి చూసి ఆ మెషిన్ వాడకం ఆపించారు. మర్నాడు డోర్తె వెన్న, మీగడ వేసి మెత్తగా, చిక్కగా బంగాళాదుంప ముద్ద చేసింది. చెంచా గుచ్చితే నిలబడింది. ఎల్నా ఆపకుండా తిని, ఇంకొంచెం కావాలని అడిగి అదీ తినేసింది. తర్వాత చెంచా పక్కన పెట్టింది.

"నాకు రోగమేమీ లేదన్నమాటే రాగ్నా," అంది. "ఉత్త ఆకలి."

రాగ్నా ఎల్నా చెయ్యి పట్టుకుంది. చేతిలో ఎముకలే తగిలాయి.

ఆస్గర్ ఉద్యోగం పోలేదు. ఖర్చు తగ్గించడంలో నేర్పరి అని ఊళ్లోని పెద్దాఫీసులో ఇంకా మంచి కుర్చీ ఇచ్చారు. అతనికి వీడ్కోలుగా కాఫీ, కేకు ఏర్పాటు చేశారు. రాగ్నా ఆ గదిలో అడుగు పెట్టలేదు. వెళ్లేముందు అతనే వరండాలో కూర్చున్న ఆమె దగ్గరికి వచ్చి, "కోపం పెట్టుకోకండి టీచర్‌గారూ," అని చెయ్యి చాపాడు. మొహంలో అదే నవ్వు.

ఆమెకు మళ్లీ ఆ లివర్ నురుగు నోట్లోకి వచ్చినట్టనిపించింది. చేతులు ఒళ్లోంచి కదపలేదు.

"వెళ్లు ఆస్గర్," అంది. "నువ్వు ఎదురుగా ఉంటే నాకు ముద్ద దిగదు."